14 వారాలు, 12 మంది విద్యార్థులు, ఒక గ్యాలరీ: ఎగ్జిబిషన్ పని ఎక్కడ మొదలుపెట్టాలి?

ఎంఏ_రెండో_ఏడు అడిగిన ప్రశ్న:

నమస్తే అండీ. కళాచరిత్ర ఎంఏలో ఈ సెమిస్టర్ మాకు క్యూరేషన్ (బొమ్మలు ఎంచి ఎగ్జిబిషన్‌గా అమర్చడం) ప్రాక్టికల్. యూనివర్సిటీ ఆర్ట్ మ్యూజియం తన సేకరణలోంచి కాగితం మీది బొమ్మలు, అంటే ప్రింట్లు, డ్రాయింగులు, ఫొటోలు, కొన్ని పాత పోస్టర్లు చూపించి వీటితో ఒక ఎగ్జిబిషన్ పెట్టమంది. మేం 12 మందిమి. చేతిలో 14 వారాలున్నాయి. గది 9 × 7 మీటర్లు. 2 మీటర్ల గుమ్మం ఒకటి, వెనకవైపు ఎమర్జెన్సీ తలుపు ఒకటి. ప్రారంభమయ్యాక 10 వారాలు, వారానికి ఆరు రోజులు, రోజుకి 8 గంటలు తెరిచి ఉంటుంది.

డేటాబేస్‌లో తలా ఐదు ఏరితే 60 తేలాయి. 'నగరం, జ్ఞాపకం, అస్తిత్వం' అన్న థీమ్ దగ్గర ఆగాం. ఓటింగ్ పెట్టి 40కి తగ్గిద్దామని కొందరు, ముందు లేబుళ్లు (బొమ్మ పక్కన పెట్టే వివరణ కార్డులు) రాసుకుంటే ఏవి ఉంచాలో అదే తేలుతుందని కొందరు. మ్యూజియం వాళ్లు మాత్రం "చెక్‌లిస్ట్ ఎప్పుడిస్తారు?" అని తప్ప ఇంకేమీ అడగడం లేదు. ఏది ముందు, ఏది వెనక? 40 బొమ్మలు ఆ గదిలో పడతాయా? ఈ పని తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పగలరు.

జాబితా_మాస్టారు:

మ్యూజియం వాళ్లు అడగాల్సిందే అడుగుతున్నారు. ఫ్రేములు, గోడ ప్లాను, లేబుళ్లు, ఫొటో హక్కులు, అన్నీ చెక్‌లిస్ట్ (గోడకెక్కే బొమ్మల తుది జాబితా) ఖరారయ్యాకే కదులుతాయి. అది ఆలస్యమైన ప్రతి వారం చివర్లో మేకులు కొట్టేవాళ్ల నెత్తిన పడుతుంది.

వెనక నుంచి లెక్క వేసుకోండి. 14వ వారంలో ప్రారంభం అనుకుంటే 13వ వారమంతా గోడకెక్కించడానికే పోతుంది. 12వ వారం లేబుళ్ల ప్రింటింగ్, గోడలకి రంగు. మ్యాట్ (బొమ్మ చుట్టూ వేసే అట్ట అంచు) కోసి ఫ్రేముల్లో పెట్టడానికి మూడు నాలుగు వారాలు వదలండి, ఆ సిబ్బందికి మీదొక్కటే పని కాదు. లేబుళ్ల వచనం మూడు సార్లు దిద్దించుకుని 10వ వారానికి ముగించాలి. ఇదంతా కలిపి చూస్తే చెక్‌లిస్ట్ 5వ వారం చివరికి మూతపడాలి. మూతపడటం అంటే ఆ తర్వాత తీసెయ్యొచ్చు గానీ కొత్తది చేర్చకూడదు. ఈ నియమం ముందే అందరి చేతా ఒప్పించండి. ఎందుకంటే 9వ వారంలో ఎవరికో ఒకరికి 'ఇది లేకుండా ఎలా?' అనిపించే ప్రింట్ ఒకటి కచ్చితంగా కనబడుతుంది.

40 పడవు. గది చుట్టుకొలత 32 మీటర్లు. గుమ్మానికి 2, ఎమర్జెన్సీ తలుపుకీ దాని పక్క ఖాళీకీ 1.5, స్విచ్‌బోర్డూ మంటలార్పే సిలిండరూ ఉన్న చోటుకి 1, పరిచయ ప్యానెల్‌కి 2.5 తీసేస్తే మిగిలేది 25. నాలుగు మూలల్లోనూ అటు అర మీటరు, ఇటు అర మీటరు ఖాళీ ఉంచాలి, లేకపోతే పక్క గోడ బొమ్మ ముందు నిలబడ్డవాళ్ల భుజం ఈ బొమ్మకి అడ్డం వస్తుంది. అది ఇంకో 4. మిగిలింది 21 మీటర్లు. సగటు ఫ్రేము వెడల్పు 60 సెంటీమీటర్లు, మధ్య ఖాళీ 70 అనుకుంటే ఒక్కోదానికి 1.3 మీటర్లు. అంటే 16 బొమ్మలు. చిన్నవాటిని పైనా కిందా జంటలుగా పెట్టి, మధ్యలో ఒక తాత్కాలిక గోడ నిలబెడితే 22 దాకా లాగొచ్చు. అంతకు మించితే అది ఎగ్జిబిషన్ కాదు, గోడౌన్.

ఇక్కడ ప్రతి బ్యాచ్‌లోనూ దొర్లే పొరపాటు ఒకటుంది. డేటాబేస్‌లో ఉండే కొలత సాధారణంగా బొమ్మది, లేదా కాగితానిది. గోడ మీద చోటు తినేది ఫ్రేము. 25 × 37 సెంటీమీటర్ల ప్రింట్ మ్యాట్ వేసుకుని ఫ్రేములోకెళ్లేసరికి 40 × 50 అవుతుంది. బొమ్మ కొలతలతో ప్లాను గీసి, ఆఖరి వారంలో మూడు బొమ్మలు చేతిలో మిగిలిపోవడం అందుకే. మీ మ్యూజియంలో ఏయే సైజుల ఫ్రేములు సిద్ధంగా ఉన్నాయో మొదటి వారంలోనే అడగండి. చాలా చోట్ల రెండు మూడు ప్రామాణిక సైజులే ఉంటాయి, ఎంపికని అవి కూడా శాసిస్తాయి.

థీమ్ సంగతి. కామాలు పెట్టి మూడు నామవాచకాలు పేరిస్తే ప్రపంచంలో ఏ బొమ్మైనా అందులో ఇమిడిపోతుంది. ఏదీ బయటికి పోకపోతే ఆ థీమ్‌తో మీకు పనేం జరిగినట్టు? క్రియ ఉన్న పూర్తి వాక్యం రాయండి. ఉదాహరణకి, 'ఈ చిత్రకారులు నగరాన్ని వీధిలో నిలబడి కాక మేడల మీద నుంచి చూశారు' అనుకోండి. ఈ వాక్యం పెట్టగానే 60లో చాలా భాగం వాటంతటవే పక్కకి తప్పుకుంటాయి. అంతేకాదు, వీధి మట్టం నుంచి గీసిన ఒకటో రెండో బొమ్మలు కావాలని ఎదురుగోడ మీద పెట్టొచ్చు. వాక్యానికి ఎదురు చెప్పే బొమ్మ ఉన్నప్పుడే చూసేవాళ్లు పోల్చుకుంటారు.

ఆ వాక్యం క్లాసురూమ్‌లో పుట్టదు. అపాయింట్‌మెంట్ తీసుకుని స్టోరేజ్‌కి వెళ్లి, ఒక్కో విడత పదేసి బొమ్మలు టేబుల్ మీద పరిపించుకుని చూడండి. తెర మీద పోస్టరూ పోస్టుకార్డూ ఒకే సైజులో కనబడతాయి. కాగితం మీద అచ్చు ప్లేటు నొక్కిన గుర్తు, వెనకవైపు పెన్సిల్ రాతలు, మడతలు, ఇవి చూశాక మీ 60లో కనీసం పది మీద మీకే మనసు మారుతుంది. హార్వర్డ్‌లో పాల్ సాక్స్ 1921లో మ్యూజియం కోర్సు మొదలుపెట్టినప్పుడు వస్తువుని దగ్గరగా చూసి గుర్తుపెట్టుకోవడాన్నే ప్రధానంగా నేర్పాడు. 1929లో న్యూయార్క్ మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్‌కి తొలి డైరెక్టరైన ఆల్‌ఫ్రెడ్ బార్ అక్కడ చదువుకున్నవాడే.

ఓటింగ్ వద్దు. ఓటింగ్‌లో గెలిచేది అందరికీ రెండో ఇష్టమైన బొమ్మ. ఎవరూ తిట్టని, ఎవరూ పట్టుబట్టని జాబితా తయారవుతుంది. 12 మంది కలిసి కూర్చుని నిర్ణయించాల్సింది ఒక్క ఆ వాక్యమే. తర్వాత ముగ్గురికి చెక్‌లిస్ట్ మీద పూర్తి అధికారం ఇవ్వండి. మిగతావాళ్లలో ముగ్గురు లేబుళ్లు, ఇద్దరు గది ప్లానూ మోడలూ, ఇద్దరు మ్యూజియం రిజిస్ట్రార్‌తో, అంటే బొమ్మల రికార్డులు చూసే అధికారితో పని (బొమ్మల స్థితి, హక్కులు), ఇద్దరు పోస్టరు, ప్రారంభం, గైడెడ్ టూర్లు. 1928–29 ప్రాంతంలో హార్వర్డ్‌లో లింకన్ కిర్‌స్టీన్, ఎడ్వర్డ్ వార్‌బర్గ్, జాన్ వాకర్ విద్యార్థులుగా ఉండగా సమకాలీన కళ కోసం ఒక సొసైటీ పెట్టి ఎగ్జిబిషన్లు నడిపారు. నిర్ణయించే చేతులు మూడే.

లేబుళ్లు ముందు రాద్దామన్న వర్గం మాటలో కొంత పస ఉంది. లేబుల్ కాదు గానీ, ప్రతి బొమ్మకీ 'ఇది ఇక్కడ ఎందుకుంది' అని ఒక్క వాక్యం రాయించండి. 'చాలా అందంగా ఉంది కాబట్టి' అని వచ్చిందంతా పక్కన పెట్టెయ్యండి.

స్టోర్‌రూమ్_తాళం:

మాస్టారు చెప్పినదానికి ముందు ఒక మెట్టు ఉంది. 60 బొమ్మల జాబితా ఇప్పుడే, ఉన్నదున్నట్టుగా, యాక్సెషన్ నంబర్లతో (మ్యూజియం ఒక్కో బొమ్మకి ఇచ్చే నంబరు) సహా రిజిస్ట్రార్‌కి పంపెయ్యండి. మీరు థీమ్ మీద వాదించుకునే రెండు వారాల్లో వాళ్లు నాలుగు విషయాలు చూసి చెబుతారు: ఆ బొమ్మ వేరే చోటికి ఇప్పటికే అప్పుగా మాటిచ్చి ఉందా, గోడ మీదకి తేగల స్థితిలో ఉందా, ఈ మధ్యే ప్రదర్శనలో ఉండి ఇప్పుడు చీకటిలో విశ్రాంతిలో ఉందా, దాతతో ఏమైనా షరతులున్నాయా. జాబితాలో కొన్ని ఇక్కడే రాలిపోతాయి. మనసు పారేసుకున్నాక రాలిపోవడం కన్నా ఇది నయం.

వెలుతురు పడేకొద్దీ కాగితం, రంగులు వెలుస్తాయి కాబట్టి దానికో లెక్క ఉంటుంది, అది మీరే చెయ్యొచ్చు. కాగితానికి మ్యూజియాలు పెట్టుకునే హద్దు 50 లక్స్ (వెలుతురు కొలిచే ప్రమాణం). మీ షో 10 వారాలు × 6 రోజులు × 8 గంటలు, అంటే 480 గంటలు. 480 × 50 = 24,000 లక్స్-గంటలు. అంతర్జాతీయ వెలుతురు సంఘం సీఐఈ 2004లో ఇచ్చిన మార్గదర్శకం ప్రకారం మామూలు ప్రింట్లు, డ్రాయింగులు, నీటిరంగుల లాంటి మధ్యస్థ తరగతికి ఏడాదికి 1,50,000 దాకా ఫరవాలేదు. కానీ బాగా సున్నితమైన తరగతికి, అంటే త్వరగా వెలిసే రంగులు, వార్తాపత్రిక కాగితం, పట్టు లాంటివాటికి, ఏడాది హద్దు 15,000 మాత్రమే. మీ పాత పోస్టర్లలో న్యూస్‌ప్రింట్ మీద అచ్చయినవి ఉంటే, ఫెల్ట్ పెన్ డ్రాయింగులుంటే, అవి 10 వారాలు ఉండలేవు. దానికి ఉపాయం సగంలో మార్చడం. 5 వారాలు ఒకటి, 5 వారాలు దాని జోడీ. ఒక్కోదానికి 12,000 పడుతుంది. జోడీ రెండూ ఒకే సైజు ఫ్రేములో ఉండాలి, లేబుళ్లు రెండూ ముందే అచ్చు వేయించి ఉంచాలి. ఇది కూడా చెక్‌లిస్ట్‌లోకి రావాలి. పైగా ఊడ్చేటప్పుడూ గైడ్ల శిక్షణప్పుడూ వెలిగే దీపాలు ఈ 480లో లేవు, వాటిని కూడా పట్టించుకోండి.

మీ మ్యూజియం నియమాలు సీఐఈ కన్నా కఠినంగా ఉండొచ్చు. అప్పుడు వాళ్ల మాటే మాట. వెలిసిన రంగుని ఏ కన్సర్వేటరూ (పాడైన బొమ్మల్ని బాగుచేసే నిపుణుడు) వెనక్కి తేలేడు.

కండిషన్ రిపోర్ట్, అంటే బొమ్మ ఏ స్థితిలో ఉందో చెప్పే నివేదిక, విద్యార్థుల చేత రాయిస్తే మంచిదే. కానీ 'బాగుంది', 'కొంచెం పాడైంది' అని రాస్తే అది రిపోర్ట్ కాదు. ఏమిటి, ఎక్కడ, ఎంత, ఈ మూడూ ఉండాలి. ఇలా: 'కింది అంచు, ఎడమ మూల నుంచి 4 సెం.మీ. దూరంలో, 1.2 సెం.మీ. నిలువు చిరుగు, వెనక నుంచి అతికించి ఉంది. పై కుడి భాగంలో గోధుమరంగు మచ్చలు ఆరు, పెద్దది 3 మి.మీ. మ్యాట్ కింద ఉన్న భాగం తేటగా, తెరిచి ఉన్న భాగం పసుపుగా మారింది.' టార్చిని కాగితానికి దాదాపు సమాంతరంగా పక్క నుంచి వేసి చూడండి. ఎదురు వెలుతురులో కనిపించని అలలు, నొక్కులు, లేస్తున్న రంగు అప్పుడు బయటపడతాయి. ఫొటోలో స్కేలు, గ్రే కార్డు (రంగు సరిచూసుకోవడానికి పెట్టే బూడిదరంగు కార్డు) ఉండాలి.

ఆ టేబుల్ దగ్గర పెన్నులు నిషేధం, పెన్సిల్ ఒక్కటే. ఫ్రేములూ ఫొటోలూ పట్టుకునేటప్పుడు నైట్రైల్ (సన్నటి రబ్బరు) గ్లవ్స్. విడి కాగితమైతే కడిగి ఆరబెట్టిన వట్టి చేతులే మేలని చాలామంది కన్సర్వేటర్ల మాట, నూలు గ్లవ్స్ చిరిగిన అంచుల్ని పట్టి లాగేస్తాయి. మీ మ్యూజియంలో ఏది పద్ధతో కనుక్కుని అది పాటించండి.

ఇంకొకటి, మ్యూజియం దగ్గర బొమ్మ ఉన్నంత మాత్రాన కాపీరైట్ వాళ్లది కాదు. గోడ మీద చూపించడానికి సాధారణంగా చిక్కు రాదు. పోస్టర్ మీద, ఇన్‌స్టాగ్రామ్‌లో, కరపత్రంలో ఆ బొమ్మ వేస్తే మాత్రం, కాపీరైట్ ఇంకా ఉన్నదైతే, చిత్రకారుడి నుంచో వారసుల నుంచో అనుమతి కావాలి. జవాబు రావడానికి వారాలు పడుతుంది. 5వ వారంలో చెక్‌లిస్ట్ మూసిన రోజే ఆ ఉత్తరాలు వెళ్లాలి. పోస్టర్ మీద వెయ్యాలనుకున్న బొమ్మకి హక్కుల బెడద లేనిదాన్ని ఒకటి ప్రత్యామ్నాయంగా ఉంచుకోండి.

గోడా_మేకూ:

గది మోడల్ చెయ్యకుండా గోడ దగ్గరికి రావద్దు. ఫోమ్‌బోర్డుతో (తేలికైన నురుగు అట్ట) 1:20 స్కేలులో కట్టండి, మీ గది 45 × 35 సెంటీమీటర్లవుతుంది, టేబుల్ మీద పడుతుంది. బొమ్మల్ని ఫ్రేము కొలతతో అదే స్కేలులో ప్రింట్ తీసి, తీసి అతికించగలిగే జిగురుతో గోడలకి పెట్టి, కంటిని గుమ్మం ఎత్తుకి దించి చూడండి. పై నుంచి చూస్తే అన్ని మోడళ్లూ బాగానే ఉంటాయి. గుమ్మంలోంచి కనిపించే మొదటి బొమ్మ ఏది, దాని వెనక సగం కనబడుతున్నది ఏది, ఈ రెండూ ఎవరో ఆలోచించి పెట్టినట్టుండాలి. కంప్యూటర్ త్రీడీలో చేసినా మంచిదే గానీ, 12 మంది ఒకేసారి చెయ్యి పెట్టడానికి ఫోమ్‌బోర్డే హాయి.

తర్వాత క్రాఫ్ట్ పేపరు ముక్కలు ఫ్రేముల అసలు సైజులో కోసి, గోడ మీద మాస్కింగ్ టేపుతో అంటించి ఒక రోజు వదిలెయ్యండి. వాదనల్లో సగం అక్కడే తీరిపోతాయి. బొమ్మలు మాత్రం అప్పుడే బయటికి రాకూడదు.

ఎత్తు. బొమ్మ నడిమధ్య నేల నుంచి 145 నుంచి 152 సెంటీమీటర్ల మధ్య ఉంచడం వాడుక. ఏదో ఒకటి ఎంచుకుని గది మొత్తం అదే పాటించండి. పై అంచులు ఒకే గీతలో పెడదామని ఎవరో ఒకరు అంటారు, వేర్వేరు సైజులున్న గదిలో అది కుదరదు. మేకు ఎత్తు లెక్క ఇదీ: మధ్య గీత ఎత్తు + ఫ్రేము ఎత్తులో సగం − ఫ్రేము పై అంచు నుంచి కొక్కెం తగిలే చోటుకి దూరం. మధ్య గీత 150, ఫ్రేము ఎత్తు 70, డీ-రింగ్ (ఫ్రేము వెనక ఉండే, కొక్కేనికి తగిలించే రింగు) పై నుంచి 12 సెంటీమీటర్లు కింద ఉంటే: 150 + 35 − 12 = 173. మేకు 173 దగ్గర. ఒక షీటులో అన్ని ఫ్రేములకీ ఈ మూడు అంకెలూ ముందే రాసుకుని రండి. డీ-రింగ్ దూరం ప్రతి ఫ్రేముకీ విడిగా కొలవాలి. రెండు డీ-రింగులూ ఒకే ఎత్తులో ఉన్నాయని నమ్మడం వల్లే ఫ్రేములు వంకరగా వేలాడతాయి.

తీగ వాడొద్దు. రెండు డీ-రింగులు, రెండు కొక్కాలు. తీగ మీద వేలాడే ఫ్రేము జనం నడిచే అదురుకే పక్కకి ఒరుగుతుంది, బరువుకి తీగ సాగి ఎత్తు కూడా మారిపోతుంది. గది యూనివర్సిటీ భవనంలోది కాబట్టి ఫ్రేముని గోడకి బిగించే సెక్యూరిటీ హార్డ్‌వేర్ అడుగుతారు, అలాగైతే ఎత్తు లెక్క దాని ప్లేటు నుంచి చెయ్యాలి. గోడ ఏమిటో ముందు తెలుసుకోండి. వెనక ప్లైవుడ్ ఉన్న గోడకి స్క్రూ నేరుగా పట్టుకుంటుంది. ఒట్టి జిప్సమ్ బోర్డుకి యాంకర్ (స్క్రూని పట్టి ఉంచే బిరడా) కావాలి, ఆ యాంకర్ మోయగల బరువు ఫ్రేము బరువు కన్నా బాగా ఎక్కువ ఉండాలి. ఇటుక గోడైతే డ్రిల్లు దుమ్ము రేగుతుంది. బొమ్మలు గదిలోకి రాకముందే రంధ్రాలన్నీ కొట్టేసి తుడిచెయ్యాలి.

బొగ్గు, పాస్టెల్ డ్రాయింగులు మీ జాబితాలో ఉంటే వాటికి గాజు బదులు మామూలు అక్రిలిక్ (ప్లాస్టిక్) షీట్ వెయ్యనివ్వకండి. తుడిచినప్పుడు అందులో పుట్టే స్థిర విద్యుత్తు పొడిని కాగితం నుంచి పైకి లాగేస్తుంది. గాజు, లేదా యాంటీ-స్టాటిక్ అక్రిలిక్ కావాలి. మ్యాట్ మందంగా ఉండాలి, కాగితం అద్దాన్ని తాకకూడదు.

రంగు విషయంలో నాకు జాబితా_మాస్టారు గారితో పేచీ ఉంది. 12వ వారంలో రంగు వేసి 13లో బొమ్మలు ఎక్కించడం మరీ దగ్గర. నీటి ఆధారిత ఎమల్షన్ అయినా, చేతికి ఆరినట్టు అనిపించాక కూడా కొన్నాళ్లు వాయువులు వదులుతూనే ఉంటుంది. రంగు 11వ వారానికి జరపండి, తలుపులూ ఫ్యాన్లూ వేసి ఉంచండి. ఆయిల్ పెయింట్ అసలే వద్దు. అద్దాల పెట్టె లోపలి పలకలకైతే రంగు వేశాక కనీసం నాలుగు వారాలు ఆరనివ్వాలి, మూసిన పెట్టెలో వాయువులకి పోయే దారి ఉండదు. ఎండీఎఫ్ (చెక్కపొడి అదిమి చేసిన పలక), ఓక్ కలప పెట్టెలు ఆమ్లాలు వదులుతాయి. పెట్టెలోకి వెళ్లే సామగ్రిని వెండి, రాగి, సీసం ముక్కలతో కలిపి 60 డిగ్రీల్లో 28 రోజులు ఉంచి, ఆ లోహాలు పాడవుతాయేమో చూసే ఆడీ టెస్ట్ ఒకటుంది. మీకు అంత వ్యవధి లేదు, మ్యూజియం ఇప్పటికే పరీక్షించి ఉంచుకున్న పెట్టెలే వాడండి.

దీపాలు నిలువు నుంచి 30 డిగ్రీల కోణంలో పడాలి. అంతకన్నా నిటారుగా ఉంటే ఫ్రేము నీడ బొమ్మ మీద పడుతుంది, అంతకన్నా వాలితే అద్దం మెరిసి చూసేవాడి నీడే అడ్డమొస్తుంది. లక్స్ మీటరు బొమ్మ మీదే పెట్టి నాలుగు మూలలూ, మధ్యా కొలవండి. మధ్యలో 50 వచ్చిందని సంబరపడితే పై అంచులో 90 ఉంటుంది. ఎండలోంచి వచ్చినవాళ్లకి 50 లక్స్ గది చీకటి గుహలా తోస్తుంది, 'లైట్లు పోయాయా?' అని అడుగుతారు కూడా. గుమ్మం దగ్గర పరిచయ ప్యానెల్ పెట్టి, అక్కడ ఒకటి రెండు నిమిషాలు ఆగేలా చేస్తే కళ్లు సర్దుకుంటాయి. గోడ రంగు కాస్త ముదురుగా ఉంటే లేత కాగితం తేటగా కనిపిస్తుంది.

దారి వెడల్పు కనీసం 91.5 సెంటీమీటర్లు, వీల్‌చెయిర్ తిరగడానికి సుమారు 152 సెంటీమీటర్ల వృత్తం. ఇవి అమెరికా వికలాంగుల చట్టం ప్రమాణాలు. మీకు వర్తించే నియమం ఏదైనా దీనికి తగ్గకుండా చూసుకోండి. గోడ నుంచి 10 సెంటీమీటర్లకి మించి పొడుచుకొచ్చే షెల్ఫు, పెట్టె ఉంటే దాని కింది అంచు నేల నుంచి 68 సెంటీమీటర్లకి మించి ఉండకూడదు. చూపు లేక చేతికర్రతో తడుముతూ నడిచేవాళ్ల కర్రకి అంతకన్నా పైనున్నది తగలదు, నేరుగా నడుముకి తగులుతుంది.

ఎంఏ_రెండో_ఏడు:

చాలా థ్యాంక్స్ అండీ, ఈ సాయంత్రమే 60 నంబర్లూ రిజిస్ట్రార్ గారికి పంపేస్తాం. ఇంకో రెండు సందేహాలు. మాలో ఒకరు బయటి చిత్రకారిణి దగ్గర నుంచి రెండు బొమ్మలు తెద్దామంటున్నారు, ఆవిడ ఇస్తానన్నారట. రెండోది లేబుళ్లు. నమూనాకి ఒకటి రాస్తే 210 మాటలొచ్చింది. ఎంత ఉండాలి?

స్టోర్‌రూమ్_తాళం:

ఆవిడ ఇస్తానన్నారు సరే, మీ మ్యూజియం తీసుకుంటానందా? బయటి బొమ్మ అంటే అప్పు ఒప్పందం, ఆవిడ గోడ నుంచి మళ్లీ ఆవిడ గోడకి చేరేదాకా బీమా, ప్యాకింగ్, రవాణా, రాకముందు పురుగుల కోసం తనిఖీ, వచ్చాక పెట్టె విప్పకుండా 24 గంటలు గదిలో సర్దుకోనివ్వడం. మ్యూజియం నుంచి మ్యూజియానికైతే అవతలివాళ్లు మీ భవనం గురించి ఫెసిలిటీ రిపోర్ట్ అడుగుతారు, ఆరు నెలల నుంచి ఏడాది ముందు నోటీసు అడగడం మామూలు. వ్యక్తి నుంచైతే అంత జాగు ఉండకపోవచ్చు, కానీ 14 వారాల్లో ఇద్దరు మనుషుల సమయం ఆ రెండు బొమ్మలే తినేస్తాయి. ఆవిడని ఒక సాయంత్రం మాట్లాడటానికి పిలవండి, బొమ్మలు వద్దు.

అరవై_మాటలు:

210 మాటలు ఎవరూ చదవరు. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో జనం ఒక బొమ్మ ముందు ఎంతసేపు ఆగుతారో కొలిచిన అధ్యయనం 2001లో వచ్చింది, అందులో మధ్యస్థ విలువ 17 సెకన్లు. అందులోనే బొమ్మా చూడాలి, లేబులూ చదవాలి. ఇంగ్లిష్‌లో 50–75 మాటలు హద్దు అంటారు. తెలుగులో ప్రత్యయాలు మాటకే అతుక్కుంటాయి కాబట్టి అదే చోటులో 40–50 మాటలే పడతాయి. పరిచయ ప్యానెల్ 150 లోపు.

పై భాగంలో సమాచారం: చిత్రకారుడి పేరు, శీర్షిక, సంవత్సరం, మాధ్యమం, సేకరణలోకి ఎలా వచ్చిందో చెప్పే క్రెడిట్ లైను, యాక్సెషన్ నంబరు. ఇవి మ్యూజియం రికార్డు నుంచి అక్షరం పొల్లు పోకుండా దించండి. 'లితోగ్రాఫ్' అని ఉన్నదాన్ని మీ సొంతంగా 'ప్రింట్' అనకండి.

కింది భాగమే మీది. అందరూ చూసే ఉంటారు కాబట్టి హొకుసాయ్ 'గ్రేట్ వేవ్' తీసుకుందాం. విద్యార్థులు రాసేది ఇలా ఉంటుంది: 'ఉకియో-ఎ సంప్రదాయంలో విశిష్ట స్థానం కలిగిన ఈ చెక్క అచ్చు చిత్రం ప్రకృతికీ మానవుడికీ మధ్యగల సంఘర్షణను అద్భుతంగా ఆవిష్కరిస్తుంది.' దీన్ని చదవడానికి బొమ్మ చూడక్కర్లేదు, వేరే ఏ తుఫాను బొమ్మ కిందైనా పెట్టొచ్చు. ఇలా మార్చండి: 'ముందు పడవల్ని వెతకండి, మూడున్నాయి. తెడ్లు వేసేవాళ్లు పడవలకి అతుక్కుపోయి వంగి ఉన్నారు. వెనక చిన్న అలలా కనిపిస్తున్నది అల కాదు, మంచు కప్పిన ఫుజీ పర్వతం. ఈ నీలం, అప్పట్లో కొత్తగా వాడుకలోకొచ్చిన ప్రష్యన్ బ్లూ.' 30 మాటలు కూడా లేవు. చదివినవాళ్ల కళ్లు నాలుగు సార్లు బొమ్మ మీదకి వెళ్తాయి. చరిత్ర ఒక్క ముక్కే ఉంది, అదీ కళ్ల ముందున్న రంగుని పట్టుకునే వచ్చింది.

'అద్భుతం', 'అపురూపం', 'ఆవిష్కరించడం', 'ప్రతిబింబించడం', ఈ నాలుగూ మీ లేబుళ్లన్నిట్లో వెతికి తీసెయ్యండి. ఎంత ఊడుతుందో చూడండి. ఇక 'అస్తిత్వం' అన్న మాట థీమ్‌లో ఉందన్నారు, అది లేబుళ్లలోకి పాకకుండా కాపలా కాయండి.

ముగ్గురు రాస్తారు సరే, ఒక్కరే దిద్దాలి. లేకపోతే ఒక లేబుల్ 'మీరు గమనించండి' అంటుంది, పక్కది 'వీక్షకుడు గమనించగలడు' అంటుంది. దిద్దాక గట్టిగా చదివించండి. ఊపిరి అందని చోట వాక్యం విరగ్గొట్టండి. ఆ తర్వాత ఈ సబ్జెక్టు తెలియని స్నేహితుణ్ణి బొమ్మ కాపీ ముందు నిలబెట్టి చదవమనండి, అతను ఏ మాట దగ్గర తల తిప్పుకున్నాడో అదే తీసెయ్యాల్సింది.

అక్షరం 18 పాయింట్లకి తగ్గకూడదు. 50 లక్స్ గదిలో 24 ఉంటే మేలు. తెలుగుకి పైన గుడులు, కింద వొత్తులు ఉంటాయి కాబట్టి వరుసల మధ్య ఖాళీ అక్షరం ఎత్తుకి ఒకటిన్నర రెట్లు ఇవ్వండి. 'స్త్రీ', 'రాష్ట్రం' లాంటివి ఒక లేబుల్‌లో టైపు చేసి ప్రింట్ తీసి చూడండి, కొన్ని ఫాంట్లలో వొత్తులు కింది వరుసలోకి జారిపోతాయి. లేబుల్ నడిమధ్య నేల నుంచి 137 సెంటీమీటర్ల దగ్గర, అన్నీ బొమ్మకి ఒకే వైపు. మెరిసే కాగితం వద్దు. తెల్లటి లేబుల్ ఎదుటి అద్దంలో ప్రతిబింబించి ఆ బొమ్మ మీద తెల్లటి చతురస్రంలా కనిపిస్తుంది, గోడ రంగుకి దగ్గరగా ఉండే కార్డు మీద అచ్చు వేయించండి, అక్షరాలు మాత్రం స్పష్టంగా తేలాలి.

గోడా_మేకూ:

లేబుళ్లు చివర్లో అంటించండి, దీపాలు సరిచేశాక. ముందే అంటిస్తే నిచ్చెన తగిలి ఊడతాయి.

ఎక్కించే వారానికి క్రమం: మొదటి రోజు గది శుభ్రం, రంధ్రాలు. రెండో రోజు ఫ్రేములన్నీ తెచ్చి గోడ వారగా, ఫోమ్ దిమ్మెల మీద, ఏది ఎక్కడ వెళ్తుందో అక్కడే నిలబెట్టడం. మూడు, నాలుగు రోజుల్లో ఎక్కించడం. ఐదో రోజు దీపాలు, లేబుళ్లు, అద్దాలు తుడవడం. అద్దం తుడిచే ద్రవం గుడ్డ మీద చల్లాలి, ఫ్రేము మీద ఎప్పుడూ చల్లకూడదు, కింది అంచులోకి దిగి కాగితాన్ని తడిపేస్తుంది. గదిలో ఒకేసారి ఆరుగురికి మించి ఉండకండి. ఫ్రేముని రెండు చేతులతో పక్కల నుంచి పట్టుకోవాలి, పై పట్టీ పట్టుకుని లేపకూడదు, మోస్తూ వెనక్కి నడవకూడదు. తోవ చూసే మనిషి వేరే ఉండాలి.

ప్రారంభం రోజు గదిలోకి పూలగుత్తులు, తినుబండారాలు, పానీయాలు రానివ్వొద్దు. పూలతో పురుగులొస్తాయి, మిగతావాటి సంగతి చెప్పక్కర్లేదు. వరండాలో పెట్టుకోండి. అంతమంది ఒకేసారి చేరితే తేమ పెరుగుతుంది, డేటా లాగర్ (తేమని నమోదు చేసే పరికరం) మీద ఆ రాత్రి గీత చూడండి. 40–60 శాతం మధ్య, రోజులో 10 శాతానికి మించి అటూ ఇటూ పోకుండా ఉంటే ఇప్పుడు చాలా మ్యూజియాలు ఒప్పుకుంటున్నాయి.

దించేటప్పుడు కూడా కనీసం నలుగురు ఉండాలి, సెమిస్టర్ అయిపోయిందని అప్పటికి అందరూ వెళ్లిపోతారు కాబట్టి పేర్లు ఇప్పుడే రాసుకోండి. మొదటి కండిషన్ రిపోర్ట్ కాపీ చేతిలో పెట్టుకుని, అదే కోణంలో టార్చి వేసి, వరస తప్పకుండా మళ్లీ చూడాలి. తేడా ఏదైనా కనిపిస్తే బొమ్మని కదపకుండా ముందు రిజిస్ట్రార్‌ని పిలవండి. ఆ తర్వాతే గోడ రంధ్రాలు పూడ్చడం.